కుళాయి నీళ్ల పుట్టింటికి

గాజువాకలో ఉండేవాళ్లకి సముద్రం దగ్గరే గానీ అందేది తక్కువ. ఓ పక్క పోర్టు, ఓ పక్క నేవీ, ఇంకో పక్క స్టీల్‌ప్లాంటు ప్రహరీ. యారాడకో అప్పికొండకో వెళ్తే అలలు కనిపిస్తాయి, కానీ పిల్లల్ని వాటిలోకి వదిలి స్థిమితంగా కూర్చోలేం. అందుకని మా ఇంట్లో సెలవు రోజంటే మంచినీళ్ల వైపే ప్రయాణం. కొండకర్ల ఆవ, మేఘాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి. తీరిక ఎక్కువుంటే కోనాం, కల్యాణపులోవ. ప్లాంటులో షిఫ్టులు చేసిన రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లేవాణ్ణి, రిటైరయ్యాక మనవల్ని తీసుకెళ్తున్నాను.

కార్తీకం దగ్గర పడితే మా వీధి కుర్రాళ్లు వచ్చి, "తాతగారూ, ఈసారి ఎటు వెళ్తే బాగుంటుంది?" అని అడుగుతారు. వాళ్లకి ఏటా నోటితో చెప్పే సంగతులే ఇక్కడ వరసగా రాస్తున్నాను. అన్నిటికీ మూలం ఒక్కటే. మన చుట్టుపక్కల జలాశయాలు కాలక్షేపం కోసం కట్టినవి కావు. పొలానికో, కుళాయికో, కొలిమికో నీళ్లిచ్చే పనిలో ఉన్నాయి. ఆ పనికి అడ్డు రాకుండా వెళ్లొస్తే మన సరదా మనకి దక్కుతుంది, నీళ్లూ బాగుంటాయి.

1. ముందు ఆ నీళ్ల పని తెలుసుకోండి

విశాఖ తాగే నీళ్లు ఒక్క చోటి నుంచి రావు. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో తాటిపూడి దగ్గర ఆగుతుంది. మిగిలింది భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి జలాశయం 1960ల్లో కట్టింది. శారద నదీ ఆ కొండల నుంచే వస్తుంది. దాన్ని దేవరాపల్లి మండలంలో రైవాడ దగ్గర ఆపారు. పొలాలకీ నగరానికీ అక్కణ్ణుంచే నీళ్లు. పెందుర్తి వైపున్న మేఘాద్రి గెడ్డ, జలాశయం దాటాక, విమానాశ్రయం పక్కగా పోర్టు వైపు పోతుంది. ముడసర్లోవ వందేళ్లు దాటిన జలాశయం. 2018లో దాని మీద జీవీఎంసీ 2 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పెట్టింది. అంటే ఆ పాత చెరువు ఇప్పుడు కరెంటు పని కూడా చేస్తోంది.

ఇక మన గాజువాక సంగతి. కణితి దగ్గరున్న బ్యాలెన్సింగ్ రిజర్వాయరు చూసి, ఇవి ఈ చుట్టుపక్కల కురిసిన వాననీళ్లే అనుకుంటారు చాలామంది. ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువలో నడిచొచ్చిన నీళ్లవి. బ్లాస్ట్ ఫర్నేసు మండుతున్నంత సేపూ దాని గోడల్ని చల్లబరచడానికి నీళ్లు తిరుగుతూనే ఉండాలి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని జనం పోరాడి తెచ్చుకున్న ఫ్యాక్టరీ, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఫ్యాక్టరీ, ఆ కాలువను నమ్ముకుని నడుస్తోంది. ప్లాంటు లోపల పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ నీటి విలువ నాకు తెలుసు.

ఇదంతా తెలిశాక గట్టు మీద మనం నిలబడే తీరే మారుతుంది. మనింటి కుళాయి నీళ్ల పుట్టింటికి వచ్చాం అనిపిస్తుంది. పుట్టింటికి వెళ్లి వాకిట్లో ఎంగిలి విస్తళ్లు పారేసి వచ్చేవాళ్లు ఎవరుంటారు?

2. కాలం చూసుకుని బయల్దేరండి

మన వైపు నీళ్ల అందం కార్తీకం నుంచి మాఘం దాకా. నైరుతి వానలకి జలాశయాలు నిండుతాయి, ఎండ మెత్తబడుతుంది, వలస పక్షులు దిగుతాయి. అక్టోబరును మాత్రం నమ్మకండి. హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని తాకింది 2014 అక్టోబరు 12నే. ఆ నెలలో ఎక్కడికి బయల్దేరినా ముందు రోజు వాతావరణ శాఖ మాట విని కదలండి.

ఎండాకాలంలో జలాశయం వేరే మనిషవుతుంది. మట్టం దిగి, ఒడ్డు వెనక్కి జరిగి, మధ్యలో పెచ్చు కట్టిన మట్టి మైదానం బయటపడుతుంది. పైకి అది ఎండి బీటలు వారి గట్టిగా కనిపిస్తుంది. నాలుగు అడుగులు లోపలికి వేస్తే పెచ్చు విరిగి మోకాళ్ల దాకా బురదలో దిగిపోతాం. పశువులు నడిచిన జాడ ఉంటే ఆ జాడలోనే నడవండి, లేకపోతే ఒడ్డునే ఉండండి.

జలాశయాల మట్టాలు పేపర్లో వేస్తుంటారు. చదవడం అలవాటు చేసుకోండి. మేఘాద్రి గెడ్డ నిండు మట్టం 61 అడుగులు. దానికి దగ్గరగా ఉందంటే చూడ్డానికి బాగుంటుంది, గేట్లు ఎత్తే అవకాశమూ ఉంటుంది. రెండూ గుర్తుంచుకుని వెళ్లండి.

3. కొండకర్లకి తెల్లారేసరికి చేరండి

పైన చెప్పినవన్నీ మనిషి కట్టినవి. కొండకర్ల ఆవ తనంత తాను ఏర్పడిన మంచినీటి సరస్సు. మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత చెప్పుకోదగ్గది ఇదే. 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. అనకాపల్లి నుంచి మునగపాక మీదుగా అచ్యుతాపురం పోయే దారి పట్టుకుంటే చేరిపోతాం.

అక్కడ చూడాల్సిన మొదటి వస్తువు పడవ. తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచంతా తొలిచేస్తారు. పైనున్న నల్లటి చేవ మాత్రం మిగులుతుంది. అలాంటి దోనెలు రెండు పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలు వేసి తాళ్లతో బిగిస్తారు. కూర్చోడానికి వాటి మీద చెక్క. దోనె అంచుకీ నీటికీ మధ్య జానెడు ఎడమే. వెనక నిలబడ్డ మనిషి పొడవాటి గెడతో అడుగున నేలను తన్నుతుంటే అది ముందుకు జారుతుంది. ఇంజను లేదు, పొగ లేదు. తామరాకులు దోనె అడుగుకి రాసుకునే సవ్వడి, గెడ బురదలోంచి ఊడినప్పుడు వచ్చే చప్పుడు, ఈ రెండే వినిపిస్తాయి.

మనవడు ఓ పువ్వు కోసం పక్కకి వంగితే దోనె నడిపే ఆయన, "అటు వంగొద్దు బాబూ, రెండు దోనెలూ సమానంగా మొయ్యాలి" అన్నాడు. ఎవరినీ గదమాయించకుండా, గెడ ఆపకుండా అన్నాడు. పిల్లాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఒడ్డుకి వచ్చే దాకా వాడు చూసినంత శ్రద్ధగా చుట్టూ చూడటం నేనెప్పుడూ ఎరగను. పొడుగు వేళ్లతో తామరాకుల మీదే నడిచే పిట్టను వాడే ముందు పట్టుకున్నాడు. ఎండెక్కాక వెళ్తే ఇవేవీ కనిపించవు. పక్షులు గడ్డిలోకి సర్దుకుంటాయి, జనం పెరుగుతారు.

4. ఒడ్డునే ఉండండి, నీళ్లలోకి దిగకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి విడమరిచి రాస్తాను. సముద్రం పక్కన పెరిగిన మన పిల్లలకి అల లేని నీళ్లంటే భయం ఉండదు. విశాఖ చుట్టుపక్కల జలాశయాల్లో సెలవు రోజు సరదాకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల వార్తలు ఎన్ని చదివామో! ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఎవరూ దిగరు.

గట్టుకి నీళ్ల వైపు రాళ్లు పేరుస్తారు. ఆ వాలు నీటి కింద కూడా అలాగే దిగుతూ పోతుంది. మునిగిన రాళ్లకి పాకుడు పట్టి ఉంటుంది. మొదటి రాయి మీద పాదం మునుగుతుంది, అక్కణ్ణుంచి జారితే మెడలోతు. గట్టు కట్టడానికి మట్టి తవ్విన గోతులు లోపలే ఉంటాయి. జలాశయం కట్టక ముందు గెడ్డ (వాగు) పారిన పాత దారి కూడా నీటి అడుగున అలాగే ఉంటుంది. నడుం లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగులో ఆ దారిలోకి పడిపోతాడు. బురదలో కూరుకున్న కాలు లాగబోతే రెండో కాలు దిగుతుంది. తీగలు కాళ్లకి చుట్టుకుంటాయి. తూము దగ్గర నీరు లోపలికి లాగుతుంది, పైకి మాత్రం నిశ్చలంగా కనిపిస్తుంది. ఉప్పునీరు మనిషిని తేల్చినంతగా మంచినీరు తేల్చదు. బీచ్‌లో ఈత నేర్చినవాళ్లు ఇక్కడ తొందరగా అలిసిపోతారు.

నేను పొడవాటి వెదురు కర్ర ఒకటి తీసుకెళ్తాను. గట్టున కూర్చోబెట్టి మనవల చేతికిచ్చి నీళ్లలో గుచ్చమంటాను. మోకాలి లోతనుకున్న చోట కర్ర వాళ్ల నిలువెత్తు దాటి దిగుతుంది. పైకి తీస్తే చివర మూరెడు మేర నల్ల బురద అంటుకుని ఉంటుంది. ఆ కర్ర చూశాక 'దిగొద్దు' అని మళ్లీ చెప్పక్కర్లేదు.

ఎవరైనా పడిపోతే వెంటనే దూకకండి. మునిగేవాడి పట్టు చాలా బలంగా ఉంటుంది, ఇద్దరూ పోతారు. చీర, తువ్వాలు, కర్ర, తాడు, ఏది ఉంటే అది అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల టిన్ను విసిరినా పట్టుకుని తేలతాడు. మేం ఎక్కడికి వెళ్లినా కారు డిక్కీలో ఓ పొడుగు తాడూ ఓ ఖాళీ టిన్నూ ఉంటాయి. ఒడ్డుకి చేర్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూడొద్దు. ఊపిరి ఆడుతోందో లేదో చూసి, ఆడకపోతే నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ నొక్కుతూ, 108కి ఫోన్ చేయించండి. ఈ విద్య ఇంటికొకరు నేర్చుకుని ఉండాలి.

5. వాన మొదలైతే గెడ్డను వదిలి రండి

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాటికి విశాఖలో 300 మిల్లీమీటర్లకు పైగా వాన. మేఘాద్రి గెడ్డ గేట్లు ఎత్తారు, విమానాశ్రయంలోకి నీళ్లొచ్చాయి. మనకి దాన్నుంచి తెలియాల్సింది ఒకటుంది. మన గెడ్డలు కొండల నుంచి కొద్ది దూరంలోనే దిగుతాయి. పైన కురిసిన వాన కిందికి రావడానికి రోజులు పట్టవు. మన నెత్తి మీద ఎండ కాస్తున్నా అనంతగిరి మీద మబ్బు నల్లగా ఉందంటే గెడ్డలో, కలుజు కింద, గేట్ల దిగువన ఉండకూడదు. సైరను మోగితే సామాన్లు సర్దుకుంటూ కూర్చోవద్దు. గిన్నెలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

6. పడవ ఎక్కేది జాకెట్టు వేసుకున్నాకే

2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15, మళ్లీ ఆదివారమే, గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. రెండిట్లోనూ సరదాగా బయల్దేరిన కుటుంబాలు కుటుంబాలే పోయాయి. ఆ వార్తలు చదివి కన్నీళ్లు పెట్టుకున్న మనమే, ఒడ్డున జాకెట్టు ఇస్తే 'ఫొటో బాగా రాదు' అని పక్కన పెడుతున్నాం. పిల్లల సైజు జాకెట్టు లేదంటే ఆ రోజు పిల్లలకి పడవ లేదు. జనం ఎక్కువైతే తర్వాతి పడవ కోసం ఆగండి. పడవలో నిలబడకండి. నడిపేవాడు చెప్పిన చోటే కూర్చోండి.

7. వంట ఇంట్లో, భోజనం చెట్టు కింద

వనభోజనానికి ఉసిరి చెట్టు వెతుక్కోవడం మంచి ఆచారం. గట్టు పక్కన పొయ్యి పెట్టి, నూనె గిన్నెలు జలాశయంలో తోమడం మాత్రం ఆచారం కాదు. పులిహోర, దద్దోజనం, గారెలు, ఓ పచ్చడి ఇంట్లోనే చేసుకుని వెళ్లండి. స్టీలు క్యారేజీలు, స్టీలు గ్లాసులు, అడ్డాకు విస్తళ్లు చాలు. థర్మాకోల్ ప్లేట్లు గాలికెగిరి నీళ్లలో పడితే మళ్లీ పట్టలేం. చెయ్యి కడుక్కోవాలంటే చెంబుతో నీళ్లు ముంచుకుని, గట్టు దిగి, అవతల మట్టిలో కడుక్కోండి. సబ్బు నురగ నీటిలో కలవకూడదు. అవి మనం తాగే నీళ్లే.

ఆడవాళ్ల ఇబ్బంది కూడా ముందే ఆలోచించాలి. చాలా చోట్ల మరుగుదొడ్డి ఉండదు. దారిలో పెట్రోలు బంకులో ఆగుదామని మగవాళ్లే ముందుగా చెప్పాలి. ఈ ఒక్క ఏర్పాటు లేక ఇంటి ఆడవాళ్లు రోజంతా మంచినీళ్లు తాగకుండా గడపడం నేను చూశాను.

8. మందు సీసా తెచ్చేవాళ్లతో వెళ్లకండి

కుర్రాళ్లకి సూటిగా చెప్తున్నాను. నీళ్ల దగ్గర తాగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తాగినవాడికి లోతు తెలీదు, చలి తెలీదు, పక్కవాడు మునుగుతున్నా తెలీదు. పగిలిన సీసా పెంకు నీటి అంచున ఇసకలో కూరుకుని, రేపు చేపలు పట్టే మనిషి అరికాల్లోకి దిగుతుంది. ఆ మనిషికి గాయమంటే వారం రోజుల కూలి పోయినట్టే. మీ స్నేహితుల్లో ఒకడు సీసా తెస్తే, ఆ ప్రయాణం నలుగురూ మానుకోండి. స్నేహం పోతుందని భయపడకండి.

9. పక్షుల దగ్గర గొంతు తగ్గించండి

నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, లకుముకి పిట్టలు మనకి ఏడాదంతా కనిపిస్తాయి. చలికాలంలో ఎక్కడో ఉత్తరాది దేశాల నుంచి బాతులు వస్తాయి. అంత దూరం ఎగిరొచ్చిన పక్షికి తిండీ విశ్రాంతీ కావాలి. మనం స్పీకరు పెట్టిన ప్రతిసారీ గుంపు మొత్తం లేస్తుంది, తిన్న బలమంతా ఆ ఎగరడంలోనే పోతుంది. డ్రోను ఎగరేయడమూ అంతే.

ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల్ని లెక్కపెడతారు. 1987 నుంచి సాగుతున్న పని అది. మన వైపు కూడా ఉత్సాహవంతులు పొద్దున్నే బైనాక్యులర్లు పట్టుకుని వెళ్తారు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు వాళ్లతో ఒక్క పూట తిరిగినా చాలు, చెరువును చూసే చూపు మారుతుంది. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినం. బడిలో పాఠం చెప్పే బదులు ఆ రోజు కొండకర్లకి ఓ బస్సు వేస్తే ఎంత బాగుంటుంది!

గుర్రపు డెక్క పెరిగి నీటిని కప్పేయడం ఈ సరస్సులకి పెద్ద బెడద. పూలు అందంగా ఉన్నాయని ఇంటికి తెచ్చి, వాడాక ఏ కాలువలోనో పడేయకండి. చిన్న మొక్క చాలు, కాలువంతా పరుచుకోవడానికి.

10. ఆ ఊరివాళ్లని అడిగి అడుగు వేయండి

మనకి విహారం, వాళ్లకి బతుకు. వల వేసి ఉన్న చోట రాయి విసరొద్దు. పొలం గట్టు మీద బండి నడపొద్దు. బట్టలు ఉతికే ఆడవాళ్ల వైపు సెల్‌ఫోను తిప్పొద్దు. ఎక్కడ లోతుందో, ఎక్కడ రక్తపింజర కనిపించిందో, ఏ దారి బురదో, ఏ మ్యాపూ చెప్పని సంగతులు పశువులు కాసే పెద్దాయన చెప్తాడు. "అయ్యా, ఇటు వెళ్లొచ్చా?" అని అడిగితే మనకి తక్కువయ్యేదేమీ లేదు. పాము కరిస్తే మంత్రాల కోసం కాలం పోగొట్టకుండా దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి మందు అక్కడ ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు అక్కడే ఏదైనా కొనండి. చలికాలంలో తేగలు, ఎండల్లో ముంజలు, మాడుగుల వైపు వెళ్తే హల్వా. పడవ మనిషితో పది రూపాయల కోసం బేరమాడకండి. చెరువు బాగుంటేనే తన బతుకు బాగుంటుందని అతనికి అనిపించాలి. అలా అనిపించినప్పుడే దాన్ని కాపాడేవాళ్లు అక్కడ ఉంటారు.

11. కంచె ఉన్న చోట కంచె బయటే ఉండండి

కణితి రిజర్వాయరు మన ఇంటికి దగ్గర కదా అని గోడెక్కకూడదు. నగరానికి నీళ్లు తోడే పంపుహౌసుల దగ్గరా, గేట్ల మీదా అంతే. కాపలా మనిషి ఆపితే విసుక్కోకండి. ఆయన కాస్తున్నది లక్షల మంది తాగే నీళ్లని.

12. పిల్లలకి నీళ్ల దారి చూపించండి

గాజువాక 2005లో గ్రేటర్ విశాఖలో కలిసింది. అప్పటి నుంచి ఊరు పెరిగిన వేగం మనందరం చూశాం. చెరువులున్న చోట్ల అపార్టుమెంట్లు లేచాయి. గెడ్డలు సన్నబడి మురుగుకాల్వలయ్యాయి. వాన పడితే మా వీధిలోకి నీళ్లెందుకు వస్తున్నాయని అడిగే కుర్రాళ్లకి, ఆ నీళ్లు పూర్వం ఎక్కడ ఆగేవో తెలీదు. తెలిపే బాధ్యత మా వయసువాళ్లది.

అందుకే సెలవు రోజు ఓ జలాశయానికి వెళ్తే, పడవా ఫొటోలూ అయ్యాక, పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టి ఆ నీళ్లు ఏ కొండ మీద పుట్టాయో, ఎవరి పొలం తడిపాయో, ఏ పైపులోంచి మనింటికి వస్తున్నాయో చెప్పండి. మీకు తెలియకపోతే వెళ్లే ముందు తెలుసుకోండి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిసిన పిల్లలు రేపు ఇల్లు కట్టేటప్పుడు గెడ్డను పూడ్చరు, ఆఫీసులో కూర్చుంటే చెరువు స్థలానికి ప్లాను మంజూరు చేయరు, ఓటడగడానికి వచ్చినవాణ్ణి చెరువు సంగతి నిలదీస్తారు. నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది. ఈ కార్తీకంలోనే మొదలుపెట్టండి.